పళ్ల సిమెంటు, నోటి తడి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫిల్లింగ్ వేయించుకున్నవారు, క్యాప్ పెట్టించుకున్నవారు, బీడీఎస్‌లో డెంటల్ మెటీరియల్స్ చదువుతున్న విద్యార్థులు పళ్ల సిమెంట్ల గురించి అడిగే ప్రశ్నలు చాలావరకు నీటి దగ్గరికే వస్తాయి. వాటిని ఇక్కడ ఒకచోట చేర్చాను. కొన్ని రోగుల ప్రశ్నలు, కొన్ని విద్యార్థులవి. ఎవరికి కావలసినవి వారు చదువుకోవచ్చు.

నోరు ఎప్పుడూ తడిగానే ఉంటుంది. అందులో సిమెంటు ఎలా గట్టిపడుతుంది?

ఆరడం వేరు, గట్టిపడటం వేరు. కాగితాలు అంటించే జిగురులోని నీరు ఆవిరైపోతే అది ఆరుతుంది. పళ్లకు వాడే సిమెంట్లలో ఒక్కటి కూడా అలా ఆరి గట్టిపడదు. అక్కడ జరిగేది రసాయన చర్య. చాలా సిమెంట్లలో పొడి క్షార స్వభావం కలది, ద్రవం ఆమ్లం. రెండూ కలిస్తే లవణం ఏర్పడుతుంది. ఆ లవణమే కరగకుండా మిగిలిన పొడి రేణువులను పట్టుకుని గట్టి ముద్దగా నిలుస్తుంది. ఆమ్లం పనిచేయాలంటే నీరు ఉండాలి, అందుకే ద్రవం సీసాలో నీరు ముందే కొలిచి కలిపి ఉంటుంది.

మనిషి నోట్లో రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. దాన్ని ఫిల్లింగ్‌కు శాశ్వతంగా దూరం పెట్టడం ఎవరి తరమూ కాదు. కాబట్టి నీరు తగులుతుందా లేదా అన్నది ప్రశ్నే కాదు, ఎప్పుడు తగులుతుందన్నది ప్రశ్న. మొదటి పది నిమిషాల్లో తడి తగిలితే పాడయ్యే సిమెంటు ఒకటుంది. అదే సిమెంటు ఆ తర్వాత తడి లేకపోతే పగులుతుంది. తడి లేకుండా అసలు గట్టిపడనిది మరొకటుంది. తొలిరోజు నీటిని లెక్కచేయకుండా, ఏళ్ల తరబడి నెమ్మదిగా పీల్చుకుని మెత్తబడేది ఇంకొకటి.

ఇంతకీ ఎన్ని రకాలున్నాయి? నాకు వేసింది ఏదో ఎలా తెలుస్తుంది?

మీకు వేసింది ఏదో వైద్యుడిని అడిగితేనే తెలుస్తుంది. అడగడం మీ హక్కు, చీటీ మీద రాయించుకోవడం ఇంకా మంచిది. పదేళ్ల తర్వాత మరో ఊళ్లో మరో వైద్యుడు ఆ క్యాప్ తీయాల్సి వస్తే ఆ ఒక్క మాట ఎంతో పనికొస్తుంది.

రకాల సంగతికొస్తే, వయసులో పెద్దది జింక్ ఫాస్ఫేట్. 19వ శతాబ్దం చివరి నుంచి వాడుకలో ఉంది. లవంగం వాసన వచ్చేది జింక్ ఆక్సైడ్ యూజినాల్, ఎక్కువగా తాత్కాలిక పనులకు. పంటికి రసాయనికంగా అతుక్కునే తొలి సిమెంటు జింక్ పాలీకార్బాక్సిలేట్. డెనిస్ స్మిత్ దాన్ని 1968లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో వెలుగులోకి తెచ్చాడు. తర్వాత వచ్చింది గ్లాస్ అయోనోమర్. దానికి రెసిన్ (గట్టిపడే ప్లాస్టిక్ లాంటి పదార్థం) కలిపినవి, పూర్తిగా రెసిన్‌తో చేసినవి ఆ పైన వచ్చాయి. వేర్ల దగ్గర వాడే ఎంటీఏ (మినరల్ ట్రయాక్సైడ్ అగ్రిగేట్) వంటి కాల్షియం సిలికేట్ సిమెంట్లది వేరే కుటుంబం.

గ్లాస్ అయోనోమర్ ఫిల్లింగ్ వేశాక పైన వాజిలైన్ లాంటిది రాశారు. ఎందుకు?

ఈ పేజీ మొత్తంలో నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది. జవాబు కొంచెం పొడుగు.

గ్లాస్ అయోనోమర్ పొడి ఫ్లోరైడ్, అల్యూమినియం, కాల్షియం లేదా స్ట్రాన్షియం ఉన్న ప్రత్యేకమైన గాజు. ద్రవం పాలీయాక్రిలిక్ ఆమ్లం, లేదా దానికి దగ్గరి చుట్టం. రెండూ కలపగానే ఆమ్లం గాజు రేణువుల పైపొరను కొరికి, అందులోంచి కాల్షియం, అల్యూమినియం అయాన్లను బయటికి లాగుతుంది. కాల్షియం చురుకైనది. కొద్ది నిమిషాల్లోనే ఆమ్లపు గొలుసులను ముడివేసి ముద్దను గట్టిపరుస్తుంది. వైద్యుడు పరికరంతో తట్టి 'గట్టిపడింది' అనేది ఈ దశలోనే. అల్యూమినియం నిదానస్తురాలు. అది వచ్చి అసలు బలమైన ముడులు వేయడానికి ఒక రోజంతా పడుతుంది, ఆ తర్వాత కూడా పని సాగుతూనే ఉంటుంది.

ఈ మధ్య సమయంలో, అంటే పైకి గట్టిగా కనిపిస్తున్నా లోపల ముడులు పూర్తికాని సమయంలో లాలాజలం తగిలితే, ఇంకా ఎక్కడా స్థిరపడని అయాన్లు నీటిలో కలిసి వెళ్లిపోతాయి. పోయినవి మళ్లీ రావు. పై పొర సుద్దలా తెల్లగా, పాలిపోయి తయారవుతుంది. గోటితో గీస్తే పొడి రాలుతుంది. అంతకు ముందు పంటి రంగులో కలిసిపోయిన ఫిల్లింగ్ మర్నాటికి అద్దంలో తెల్లటి మచ్చలా కనిపిస్తే, చాలాసార్లు తొలి గంటలో తడి తగిలిందనే అనుమానించాలి.

అందుకే పైన ఒక పూత. పెట్రోలియం జెల్లీ చవక, అందుబాటులో ఉంటుంది, కానీ నాలుక, పెదవి కాసేపట్లోనే తుడిచేస్తాయి. వార్నిష్ కొంచెం మెరుగు. వీలుంటే లైటుతో గట్టిపడే పలుచని రెసిన్ పూత వేయడమే నా దృష్టిలో సరైన పని. ఇప్పుడొస్తున్న త్వరగా గట్టిపడే రకాలకు పూత అక్కర్లేదని కొందరు అంటారు. వాటికి తొలి ప్రమాదం తగ్గిన మాట నిజమే, కానీ అర నిమిషం పనికి బద్ధకించడం ఎందుకు?

అయితే గాలి ఊది బాగా ఆరబెడితే ఇంకా మంచిదేగా?

కాదు. గట్టిపడిన గ్లాస్ అయోనోమర్ బరువులో సుమారు 11 నుంచి 24 శాతం దాకా నీరే. అందులో కొంత నిర్మాణంలో గట్టిగా ఇమిడిపోతుంది, కొంత వదులుగా ఉంటుంది. ఈ వదులు నీరు గాలికి తేలిగ్గా ఆవిరైపోతుంది. పోతే సిమెంటు కుంచించుకుపోయి సన్నని పగుళ్లు వస్తాయి. నెలలు గడిచేకొద్దీ వదులు నీటిలో ఎక్కువ భాగం నిర్మాణంలోకి చేరుతుంది, సిమెంటు నిలకడ మీద బలపడుతుంది. కొత్త ఫిల్లింగ్‌కు మాత్రం నీరు ఎక్కువైనా ముప్పే, తక్కువైనా ముప్పే. పైన వేసే పూత ఒకేసారి రెండు పనులు చేస్తుంది: బయటి నీటిని లోపలికి రానివ్వదు, లోపలి నీటిని బయటికి పోనివ్వదు.

విద్యార్థులకు ఒక మాట. సిమెంటు వేసే ముందు పంటిని కూడా ఎండబెట్టకూడదు. దూదితో అద్దితే చాలు. పంటి ఉపరితలం తడి మెరుపుతో ఉండాలి గానీ నీరు నిలవకూడదు.

ఫిల్లింగ్ తర్వాత ఎంతసేపు నీళ్లు తాగకూడదు?

గ్లాస్ అయోనోమర్ అయితే కనీసం ఒక గంట ఏమీ తినకండి, పుక్కిలించకండి. దాహమైతే రెండో పక్కగా గుక్కెడు నీళ్లు తాగితే కొంపేమీ మునగదు. ఆ పంటితో 24 గంటలు గట్టివి నమలకండి. లైటు పెట్టి గట్టిపరిచే రెసిన్ ఫిల్లింగ్ అయితే కుర్చీ దిగేసరికే పని పూర్తయినట్టు. మత్తు దిగేదాకా ఆగితే చాలు, లేకపోతే బుగ్గ కొరుక్కుంటారు.

జింక్ ఫాస్ఫేట్ కలిపేటప్పుడు గాజు పలకను చల్లగా ఉంచమంటారు. మరీ చల్లగా వద్దంటారు. ఈ తిరకాసు ఏమిటి?

ఇది విద్యార్థుల ప్రశ్న, వైవా పరీక్షల్లో పరీక్షకుల ముద్దుల ప్రశ్న కూడా.

జింక్ ఆక్సైడ్ పొడి, ఫాస్ఫారిక్ ఆమ్లం కలిస్తే వేడి పుడుతుంది. వేడి చర్యను ఇంకా వేగిరపరుస్తుంది. ముద్ద స్పాచులా కిందే బిగుసుకుపోకుండా ఉండాలంటే పలక మందంగా, చల్లగా ఉండాలి. పొడిని కొద్దికొద్దిగా కలుపుతూ, పలక మీద వెడల్పుగా పరుస్తూ తిప్పాలి. చల్లగా ఉంటే పొడి ఎక్కువ పడుతుంది. పొడి ఎక్కువైతే సిమెంటు బలంగా, తక్కువ కరిగేదిగా తయారవుతుంది. ఇంతవరకు చల్లదనం మన పక్షమే.

కానీ పలకను ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా బల్ల మీద పెడితే? విశాఖపట్నం, కాకినాడ వంటి తీర పట్టణాల్లో వేసవి గాలిలో ఎంత తేమ ఉంటుందంటే, 25 డిగ్రీలకు అటూఇటూ చల్లబడిన వస్తువు మీదే నీటి బిందువులు పట్టేస్తాయి. పలక మీద పొగమంచులాంటి పొర కనిపిస్తుంది. వేలితో రాస్తే గీత పడుతుంది. ఆ నీరంతా సిమెంటులోకే వెళుతుంది. ఫాస్ఫారిక్ ఆమ్లానికి నీరు తోడైతే అది ఇంకా చురుగ్గా పనిచేస్తుంది. చర్య వేగం పెరుగుతుంది, బలం తగ్గుతుంది. ఏ వేగాన్ని తగ్గించడానికి పలకను చల్లబరిచామో, ఆ వేగాన్ని ఆ చల్లదనమే పెంచినట్టవుతుంది. హైదరాబాద్‌లో ఏప్రిల్ పొడిగాలిలో పనికొచ్చిన పలక, అదే ఉష్ణోగ్రతలో కాకినాడలో పనికిరాకపోవచ్చు. పాఠ్యపుస్తకాల్లో రాసిన అంకె ఏ ఊరి గాలికి చెందినదో గమనించుకోవాలి.

సీసా విషయం కూడా ఇదే. ద్రవంలో మూడో వంతు దాకా నీరు ఉంటుంది. మూత తీసిపెడితే పొడి వాతావరణంలో నీరు పోయి సిమెంటు ఆలస్యంగా గట్టిపడుతుంది, తేమ వాతావరణంలో నీరు చేరి త్వరగా బిగుసుకుంటుంది. కంపెనీలు ద్రవాన్ని అవసరానికి మించి సుమారు ఐదో వంతు ఎక్కువ ఇచ్చేది కూడా ఇందుకే: మాటిమాటికీ మూత తీయడం వల్ల పాడైన ఆ చివరి భాగాన్ని పారబోయమని. మబ్బుగా మారిన ద్రవాన్ని ఎవరూ వాడకూడదు. పొదుపు చేయాల్సిన చోటు అది కాదు.

క్యాప్ కింద సిమెంటు కరిగిపోయిందని చెప్పారు. నిజంగా కరుగుతుందా, లేక మళ్లీ డబ్బు గుంజడానికి చెప్పే మాటా?

నిజంగానే కరుగుతుంది. అయితే చక్కెరలా కాదు.

క్యాప్ పంటికి ఎంత బాగా కుదిరినా అంచు దగ్గర సన్నని సందు మిగులుతుంది. ఆ సందును సిమెంటు నింపుతుంది. నోటి నీటికి తగిలేది ఆ గీత మాత్రమే. మిగతా సిమెంటు అంతా క్యాప్ కింద దాక్కుని ఉంటుంది. అతికించే సిమెంటు పొర మందం 25 మైక్రాన్లకు మించకూడదని అంతర్జాతీయ ప్రమాణం. కానీ క్యాప్ అంచు సందు ఆచరణలో దానికి ఎన్నో రెట్లు ఉండొచ్చు. మెక్‌లీన్, ఫాన్ ఫ్రాన్‌హోఫర్ అనే పరిశోధకులు 1971లో క్యాప్‌ల వంటి వెయ్యికి పైగా పునరుద్ధరణలను పరిశీలించి 120 మైక్రాన్ల దాకా సందును అంగీకరించవచ్చన్నారు. ఇప్పటికీ అందరూ ఆ అంకెనే పట్టుకుని ఉన్నారు.

మంచినీటిలో ఈ సిమెంట్లు కరిగేది అతి స్వల్పం. అసలు శత్రువు ఆమ్లం. అంచు దగ్గర పాచి పేరుకుంటే అందులోని సూక్ష్మజీవులు చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. అందుకే ప్రయోగశాలలో కూడా లాక్టిక్ ఆమ్లంలో 24 గంటలు ఉంచి ఎంత లోతు కొరుకుడు పడిందో కొలుస్తారు. ప్రమాణం ఒప్పుకునే గరిష్ఠ లోతు గ్లాస్ అయోనోమర్‌కు 0.17 మిల్లీమీటర్లు, జింక్ ఫాస్ఫేట్‌కు 0.30, పాలీకార్బాక్సిలేట్‌కు 0.40. ఆ పరీక్షలోని ఆమ్లం పీహెచ్ 2.74. నోట్లో మామూలుగా అంత పులుపు ఉండదు కాబట్టి ఈ అంకెలను ఏడాదికి ఇంత అని లెక్కగట్టకండి. సిమెంట్లను ఒకదానితో ఒకటి పోల్చడానికే అవి పనికొస్తాయి.

మీ వైద్యుడి మాట నిజమో కాదో తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. రెండు మూడు పళ్లు కలిపి పెట్టిన బ్రిడ్జి అయితే ఇది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. అంచు చుట్టూ నీటితో తడిపి, బ్రిడ్జిని వేలితో పైకీ కిందికీ మెల్లగా నొక్కుతారు. సిమెంటు ఊడిన చోట అంచు వెంబడి చిన్న చిన్న బుడగలు వస్తాయి. అద్దం ఇవ్వమని అడిగి మీరే చూడండి. నొక్కినప్పుడు ఉప్పగానో చెడ్డ రుచిగానో నోట్లోకి ఏదో వచ్చినట్టు ఉన్నా, దుర్వాసన ఒకే పంటి దగ్గర నుంచి వస్తున్నా అనుమానించాల్సిందే. అలా ఊడిన బ్రిడ్జిని 'కదలట్లేదుగా' అని వదిలేస్తే కింది పన్ను చప్పుడు లేకుండా పుచ్చిపోతుంది.

చింతపండు పులుసు, నిమ్మకాయ, ఆవకాయ మానేయాలా?

మానక్కర్లేదు. భోజనంలో పులుపు నోట్లో ఉండేది కొద్దిసేపే, లాలాజలంలోని బైకార్బనేట్ దాన్ని త్వరగానే అదుపులోకి తెస్తుంది. రోజంతా నిమ్మసోడానో కూల్‌డ్రింకో గుక్కగుక్కగా తాగుతూ కూర్చునే అలవాటు మాత్రం మానుకోండి. నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం పులుపుతో పాటు లోహ అయాన్లను పట్టి లాగే గుణం కూడా ఉన్నది, కాబట్టి సిమెంటుకు ఇంకొంచెం కీడు.

ఒక తమాషా విషయం. చింతపండుకు ఆ పులుపునిచ్చే టార్టారిక్ ఆమ్లాన్నే గ్లాస్ అయోనోమర్ ద్రవంలో కొద్ది శాతం కలుపుతారు. అది ఉంటే ముద్ద వైద్యుడి చేతిలో కాస్త ఎక్కువసేపు మెత్తగా ఉండి, ఆపైన ఒక్కసారిగా బిగుస్తుంది. 1970లలో అది కలిపాకే ఈ సిమెంటు చికిత్సాలయంలో వాడటానికి అనువైంది.

లవంగం వాసన సిమెంటు రెండు వారాలకే రాలిపోయింది. నాసిరకమా?

అది ఉండాల్సింది అంతకాలమే. జింక్ ఆక్సైడ్, లవంగ నూనెలోని యూజినాల్ కలిసి గట్టిపడటానికి తేమ కావాలి. ఎముకలా పొడిగా ఉన్న చోట అది నత్తనడక నడుస్తుంది, వెచ్చగా తడిగా ఉన్న నోట్లో త్వరగా బిగుస్తుంది. తర్వాత అదే నీరు చర్యను వెనక్కి తిప్పడం మొదలుపెడుతుంది. జింక్ యూజినోలేట్ నీటితో విడిపోయి యూజినాల్ మెల్లమెల్లగా బయటికి వస్తుంది. పంటి నొప్పి తగ్గడానికి కారణం ఆ యూజినాలే, ఫిల్లింగ్ అరిగిపోవడానికి కారణమూ ఆ విడిపోవడమే. ఇచ్చిన తేదీకి వెళ్లి శాశ్వత ఫిల్లింగ్ వేయించుకోండి. ఆ తర్వాత రెసిన్ వేసేట్లయితే యూజినాల్ అవశేషాలు రెసిన్‌ను సరిగా గట్టిపడనివ్వవు, కాబట్టి వైద్యుడు దాన్ని శుభ్రంగా తీయాలి.

రెసిన్ సిమెంటు నీటిలో కరగదంటారు. మరి అన్నిటికీ అదే వాడొచ్చుగా?

కరగదు, కానీ తాగుతుంది. రెసిన్ పరీక్షకు 15 మిల్లీమీటర్ల వెడల్పు, ఒక మిల్లీమీటరు మందం ఉన్న బిళ్లలను 37 డిగ్రీల నీటిలో వారం రోజులు ఉంచుతారు. ఘన మిల్లీమీటరుకు 40 మైక్రోగ్రాములకు మించి నీరు పీల్చకూడదు, 7.5 మైక్రోగ్రాములకు మించి కరిగిపోకూడదు. అంటే ఎంతో కొంత పీల్చుకోవడం ప్రమాణానికి కూడా తెలుసు, అది ఒప్పుకుంది.

పీల్చిన నీరు పాలిమర్ గొలుసుల మధ్య దూరి వాటిని వదులు చేస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఎస్టర్ బంధాలను తెంచుతుంది, గాజు రేణువులకు రెసిన్‌కు మధ్య ఉన్న సైలేన్ పూతను కూడా బలహీనపరుస్తుంది. నీటిని ఇష్టపడే హెమా వంటి అణువులు ఎక్కువగా ఉన్న సిమెంట్లలో ఇది మరీ ఎక్కువ. గ్లాస్ అయోనోమర్‌కు రెసిన్ కలిపిన రకాలు అందువల్లే నీరు పీల్చి కాస్త ఉబ్బుతాయి. ఆ ఉబ్బు లోహపు క్యాప్ కింద ఏమీ చేయదు, కానీ పలుచని, పెళుసైన సిరామిక్ క్యాప్ కింద పగులు తేవచ్చు. గట్టి సిరామిక్ అయిన జిర్కోనియాకు ఆ భయం లేదు.

ఇది దీర్ఘకాలపు కథ. అతికించే పూట కథ వేరు. అప్పుడు లాలాజలం, రక్తం ఒక్క చుక్క పడినా రెసిన్ పట్టు దెబ్బతింటుంది. చిగురు కిందికి వెళ్లిన లోతైన అంచు, ఆగని రక్తం, నోరు తెరవలేని పెద్దాయన ఎదురైతే నేను రెసిన్ జోలికి పోకుండా గ్లాస్ అయోనోమర్ రకాన్నే ఎంచుకుంటాను. కాగితం మీద బలం ఎక్కువున్న సిమెంటు, తడిలో వేస్తే బలం లేని సిమెంటే.

డెంటిన్‌ను (పంటి పైపెంకు ఎనామిల్ కింది పొర) తడిగా ఉంచి రెసిన్ వేయమని ఒక పుస్తకం, పొడిగా ఉంచమని ఇంకో పుస్తకం. ఏది నమ్మాలి?

రెండూ నిజమే, అవి మాట్లాడేది వేర్వేరు నీళ్ల గురించి. ఫాస్ఫారిక్ ఆమ్లంతో కడిగాక డెంటిన్ పైపొరలో ఖనిజం పోయి కొలాజెన్ అనే ప్రొటీన్ పోగులు మాత్రం మిగులుతాయి. నీరే వాటిని విడివిడిగా నిలబెడుతుంది. గాలి ఊది ఎండబెడితే పోగులు ఒకదాని మీద ఒకటి పడిపోయి రెసిన్ లోపలికి వెళ్లే దారి మూసుకుపోతుంది. 1990ల తొలినాళ్ల నుంచి తడి మీదే అతికించే పద్ధతి ఊపందుకున్నది ఇందుకే. కావలసింది ఆ పలుచని తేమ. కూడనిది లాలాజలం, అందులో ప్రొటీన్లుంటాయి. ఎనామిల్‌కు మాత్రం ఈ గొడవ లేదు, పూర్తిగా ఆరబెట్టవచ్చు.

అంత చేసినా రెసిన్ నిండని పోగులు కొన్ని మిగులుతాయి. డెంటిన్‌లోనే ఉండే కొన్ని ఎంజైములు నీటి సాయంతో వాటిని తినేస్తాయి.

రబ్బర్ డ్యామ్ తప్పనిసరా?

పని చేసే పన్ను మాత్రం బయటికి ఉండేలా, మిగతా నోటిని తడి రాకుండా కప్పే పలుచని రబ్బరు పలక అది. ఊపిరాడనట్టు ఉంటుందని రోగులు, సమయం పడుతుందని వైద్యులు తప్పించుకుంటారు. 1864లో అమెరికన్ దంతవైద్యుడు శాన్‌ఫర్డ్ బార్నమ్ మొదలుపెట్టిన ఆ రబ్బరు పలకకు ఇప్పటికీ సాటి రాలేదు. రూట్ కెనాల్‌కు, రెసిన్ పనులకు పెట్టమని మీరే అడగండి.

రూట్ కెనాల్ చేసిన పంటిలో ఎంటీఏ పెట్టి, పైన తడి దూది ఉంచి పంపించారు. మర్చిపోయారా?

లేదు, కావాలనే ఉంచారు. ఎంటీఏకు మూలం ఇల్లు కట్టే పోర్ట్‌లాండ్ సిమెంటే. కాలిఫోర్నియాలోని లోమా లిండా విశ్వవిద్యాలయంలో మహమూద్ తొరాబినెజాద్ బృందం దీన్ని 1993లో పరిచయం చేసింది. తొలి రకాలలో సుమారు 75 శాతం శుద్ధిచేసిన పోర్ట్‌లాండ్ సిమెంటు, 20 శాతం ఎక్స్‌రేలో కనిపించడానికి బిస్మత్ ఆక్సైడ్, 5 శాతం జిప్సం. కొత్త స్లాబు మీద తాపీమేస్త్రి మడులు కట్టి నీళ్లు నిలబెట్టినట్టే దీనికీ నీరు అందాలి. వేరు వైపు నుంచి శరీరంలోని తేమ అందుతుంది, పైనుంచి ఆ తడి దూది అందిస్తుంది. పూర్తిగా బిగుసుకోవడానికి తొలి రకాలకు రెండు గంటల నలభై ఐదు నిమిషాలు పట్టేది. అందుకే తర్వాతి సందర్శనలో దూది తీసి, పరికరంతో గుచ్చి చూసి, గట్టిపడిందని తేల్చుకున్నాకే పై ఫిల్లింగ్ వేస్తారు. కాల్షియం క్లోరైడ్ కలిపిన కొత్త కాల్షియం సిలికేట్ సిమెంటు ఒకటి పన్నెండు నిమిషాల చుట్టూ గట్టిపడుతుంది, దానికి ఈ నిరీక్షణ అక్కర్లేదు.

నీటితో చర్య జరిగేటప్పుడు కాల్షియం హైడ్రాక్సైడ్ విడుదలై పీహెచ్ 12.5 దాకా పోతుంది. ఆ క్షారంలో సూక్ష్మజీవులు బతకడం కష్టం. బయటికొచ్చిన కాల్షియం, కణజాల ద్రవంలోని ఫాస్ఫేట్ కలిసి ఉపరితలం మీద పంటి ఖనిజాన్ని పోలిన పొరగా పేరుకుంటాయి. మిగతా సిమెంట్లను నీరు తినేస్తే, దీన్ని నీరు పూరిస్తుందన్నమాట. అలాగని ఎలాంటి నీరైనా సరిపోతుందని కాదు. చీము పట్టి ఆమ్లత పెరిగిన చోట ఇది సరిగా గట్టిపడదు. పెట్టిన వెంటనే నీళ్లు చిమ్మి కడిగితే కొట్టుకుపోతుంది.

ఇంటి సిమెంటు బస్తాలోంచే తీసి వాడొచ్చా అని అడిగే విద్యార్థి ఏటా ఒకరుంటారు. వద్దు. దానిలో ఆర్సెనిక్ వంటి కల్తీ లోహాల మీద వైద్యపరమైన అదుపు ఉండదు.

మాది నల్లగొండ. ఇప్పటికే నీళ్ల ఫ్లోరైడ్‌తో బాధపడ్డాం. సిమెంటులోంచి కూడా ఫ్లోరైడ్ వస్తుందట, ప్రమాదమా?

ప్రమాదం లేదు. కొలతలు చూస్తే మీకే అర్థమవుతుంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడ్ ఆమోదయోగ్యమని, వేరే నీటి వనరు లేకపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని భారత ప్రమాణం. లీటరుకు 4 మిల్లీగ్రాములున్న బోరు నీళ్లు రోజుకు రెండు లీటర్లు తాగితే ఒంట్లోకి 8 మిల్లీగ్రాములు చేరుతుంది, ప్రతిరోజూ, ఏళ్ల తరబడి. ఒక ఫిల్లింగ్ నుంచి వచ్చేది మైక్రోగ్రాముల లెక్క. అది కూడా తొలి ఒకటి రెండు రోజులు ఎక్కువగా వచ్చి ఆ తర్వాత బాగా పడిపోతుంది. పైగా పళ్ల మీద మచ్చలు పడేది చిన్నతనంలో ఎనామిల్ తయారయ్యే వయసులోనే.

ఫ్లోరైడ్ వస్తుంది కాబట్టి ఆ పన్ను మళ్లీ పుచ్చదని ఎవరైనా చెబితే మాత్రం అది అతిశయోక్తి. ప్రయోగశాల గాజు గ్లాసులో కనిపించినంత మేలు నోట్లో కనిపించలేదు. ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో తోముకుంటే సిమెంటు కొంత ఫ్లోరైడ్‌ను తిరిగి పీల్చుకుని మళ్లీ వదులుతుంది, ఆ మేరకు లాభమే.

ఫ్లోరోసిస్ మచ్చలున్న ఎనామిల్ ఆమ్లానికి అంత తేలిగ్గా లొంగదు. రెసిన్ అతికించేటప్పుడు ఆమ్లం మరికాసేపు ఉంచాల్సి వస్తుంది. ఆ ప్రాంతాల నుంచి వచ్చినవారు ఆ విషయం వైద్యుడికి ముందే చెప్పడం మంచిది.

పరీక్షలన్నీ స్వేదన జలంలో చేస్తారు. నోట్లో ఉండేది లాలాజలం. ఆ ఫలితాలకు విలువేమిటి?

మంచి ప్రశ్న. స్వేదన జలంలో కాల్షియం, ఫాస్ఫేట్ ఉండవు, కాబట్టి సిమెంటులోంచి అయాన్లు బయటికి పోవడమే తప్ప లోపలికి వచ్చేవి ఉండవు. లాలాజలంలో రెండు దిక్కులా రాకపోకలుంటాయి. గ్లాస్ అయోనోమర్ ఉపరితలం మీదికి కాల్షియం, ఫాస్ఫేట్ చేరి పై పొర గట్టిపడుతుంది. ఫ్లోరైడ్ విడుదల కూడా నీటిలో కంటే లాలాజలంలో తక్కువే. అయినా స్వేదన జలం ఒక మేలు చేస్తుంది: హైదరాబాద్‌లో చేసినా టోక్యోలో చేసినా నీరు ఒక్కటే. కృత్రిమ లాలాజలాలకు ఎన్ని సూత్రాలున్నాయో లెక్కలేదు, వాటిలో కొలిచిన ఫలితాలను ఒకదానితో ఒకటి పోల్చడం కష్టం. పరిశోధన పత్రం చదివేటప్పుడు నీరు ఎంత, ఎన్నాళ్లకోసారి మార్చారు అన్నది తప్పక చూడండి. రోజూ మార్చిన నీటిలోకి వచ్చే ఫ్లోరైడ్, మార్చని నీటిలోకి వచ్చేదానికంటే సహజంగానే ఎక్కువ కనిపిస్తుంది.

నాకు నోరు ఎప్పుడూ ఎండిపోతుంది. నీరు తక్కువ కాబట్టి సిమెంటు ఎక్కువ కాలం ఉంటుందా?

దురదృష్టవశాత్తు తిరగబడుతుంది. లాలాజలం లేకపోతే ఆమ్లాన్ని అదుపు చేసేది ఉండదు, పాచి పెరుగుతుంది, పళ్లతో పాటు సిమెంటు అంచులూ దెబ్బతింటాయి. నోటితో ఊపిరి తీసుకునేవారి ముందు పళ్ల మీద గ్లాస్ అయోనోమర్ ఎండి పగులుతుంది. తల, మెడ భాగానికి రేడియేషన్ తీసుకున్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. వారికి ఇచ్చే ఫ్లోరైడ్ జెల్ ఆమ్ల రకమైతే అది గ్లాస్ అయోనోమర్‌ను కొరుకుతుంది, తటస్థ సోడియం ఫ్లోరైడ్ రకం అడగండి.

కరెంటు, డ్రిల్లు, సక్షన్ లేని చోట తడిని ఎలా ఆపుతారు?

దూది చుట్టలతో, ఓపికతో. 1980ల మధ్యలో టాంజానియాలో ఈ అవసరం నుంచే ఏఆర్‌టీ (అట్రామాటిక్ రెస్టోరేటివ్ ట్రీట్‌మెంట్) పద్ధతి పుట్టింది. పుచ్చిన మెత్తటి భాగాన్ని చేతి పరికరాలతోనే తీసి, చిక్కటి గ్లాస్ అయోనోమర్ నింపి, పెట్రోలియం జెల్లీ రాసిన చేతి తొడుగు వేలితో కొన్ని క్షణాలు నొక్కి పట్టుకుంటారు. ఆ వేలు సిమెంటును సందుల్లోకి తోస్తుంది, జెల్లీ పై పొరను తడి నుంచి కాపాడుతుంది. కొంచెం తేమను ఓర్చుకుంటూ పంటికి దానంతటదే అతుక్కోవడం గ్లాస్ అయోనోమర్‌కు ఉన్న గుణం, కాబట్టే ఇది సాధ్యమైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన అత్యవసర మందుల జాబితాలో గ్లాస్ అయోనోమర్‌ను చేర్చింది.

దీని పుట్టుక కూడా నీటితో వచ్చిన చిక్కుల నుంచే. అంతకు ముందున్న సిలికేట్ సిమెంట్లు చూడటానికి పంటిలా ఉండి నోట్లో కొన్నేళ్లకే కొరుకుడు పడేవి. అవి ఎందుకు పాడవుతున్నాయో లండన్‌లోని ప్రభుత్వ రసాయన ప్రయోగశాలలో వెతుకుతూ అలన్ విల్సన్, బ్రయాన్ కెంట్ ఫాస్ఫారిక్ ఆమ్లం స్థానంలో పాలీయాక్రిలిక్ ఆమ్లాన్ని పెట్టి చూశారు. 1972లో దంతవైద్యుల ముందుకు తెచ్చారు.

క్యాప్ ఊడి చేతిలోకి వచ్చింది, రేపటిదాకా వైద్యుడు దొరకడు. సూపర్ గ్లూతో అంటించుకోనా?

వద్దు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడుతుంది. ఆ జిగురు తేమ తగలగానే బిగుసుకునే రకం, కాబట్టి నోట్లో క్షణాల్లో పట్టేస్తుంది, క్యాప్ వంకరగా కూర్చున్నా సరే. బిగుసుకునేటప్పుడు వేడి పుడుతుంది. ఆ తర్వాత అదే తేమలో బలహీనపడుతుంది. దాన్ని గీకి తీయడం వైద్యుడికి పెద్ద పని, కొన్నిసార్లు క్యాప్‌నే కోయాల్సి వస్తుంది.

క్యాప్‌ను మంచినీటితో కడిగి చిన్న డబ్బాలో భద్రపరచండి, కాగితంలో చుడితే ఎవరో ఒకరు పారేస్తారు. లోపలి సిమెంటును పిన్నుతో గీకకండి. ఏ సిమెంటు ఎక్కడ విడిపోయిందో, పంటి వైపా క్యాప్ వైపా, చూసి వైద్యుడు చాలా సంగతులు తెలుసుకోగలడు. పన్ను జివ్వుమంటుంటే చల్లటి నీళ్లు, వేడి టీ ఆ పక్కకు తగలనివ్వకండి. మందుల షాపులో తాత్కాలిక డెంటల్ సిమెంటు దొరికితే దానితో ఒక పూట నెట్టుకురావచ్చు. రాత్రి పడుకునే ముందు మాత్రం క్యాప్ తీసేయండి, నిద్రలో మింగినా పరవాలేదు గానీ ఊపిరితిత్తుల్లోకి పోతే ఆసుపత్రి పాలవుతారు.